రోడ్డు దిగే కారణం

ఫోన్‌లో మ్యాపును రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, లోకమంతా మనకు తెలిసిపోయిందనుకునే వయసొకటి ఉంటుంది. నాకది ఇరవై నాలుగో ఏట వచ్చింది. ఆ రోజుల్లో నేను బాన్సువాడలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేరేవాళ్ల కాగితాలు టైపు చేసీ చేసీ, ఏ పనినైనా గడులు గీసి అందులో నింపేస్తే అయిపోతుందన్న గట్టి నమ్మకం ఏర్పడింది నాకు. అక్క కూతురి పుట్టినరోజుకు కూడా వరుస సంఖ్య, వచ్చేవారి పేరు, తెచ్చే వస్తువు అని పట్టిక వేసినవాణ్ణి. (ఒక్కరూ పట్టిక ప్రకారం తేలేదు. అది వేరే సంగతి.) అందుకే ఇంట్లో, ఆఫీసులో, చాయ్ హోటల్ దగ్గర నన్ను అసలు పేరుతో పిలిచేవాళ్లు తగ్గిపోయి, అందరికీ ‘ప్లానింగ్’ అయిపోయాను. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. చాలా ఏళ్లు అట్లాగే అనుకున్నాను.

మా బావకు, అంటే అక్క భర్తకు, బీర్కూర్ పోయే రోడ్డు మీద ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. నాట్లకు ముందు పొలం దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్లకు ఇనుప చక్రాలు తొడుగుతారు కదా, ఆ చక్రాలతో సహా బురదలో దిగబడిపోయిన ట్రాక్టర్‌ను బయటికి తీయాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మొదట ఫోన్ చేసేది బావకే. పదిహేనేళ్లుగా ఆయన బతుకంతా బురదతోనే. మాట తక్కువ మనిషి. ఏదైనా ఇంజన్ చెడిపోయిందని చెబితే మాత్రం కళ్లు మెరుస్తాయి. చెయ్యి పెట్టే ముందు “ఐదు నిమిషాల పని” అంటాడు. ఆ ఐదు నిమిషాలు గడియారంలో ఉండే ఐదు నిమిషాలు కావని మా అక్కకు పెళ్లయిన వారంలోనే తెలిసిపోయింది. నాకు తెలియడానికి రాజస్థాన్ దారి పట్టాల్సి వచ్చింది.

దీనికంతటికీ మూలం ఒక వీడియో. నా దోస్తు ఒకడుండేవాడు, వాడి పేరు ‘హెల్మెట్’. వాడికి లైసెన్స్ ఉంది, ఖరీదైన హెల్మెట్ ఉంది, బండి ఒక్కటే లేదు. వాడొక రోజు షెడ్డుకు వచ్చి, జైసల్మేర్ అవతల ఇసుక దిబ్బల మీద మోటార్ సైకిళ్లు ఎగిరెగిరి పడుతున్న వీడియో చూపించాడు. నేను ఎగిరే బండ్లను చూశాను. హెల్మెట్‌గాడు వాళ్ల హెల్మెట్లను చూశాడు. బావ చేతిలో స్పానర్ పక్కన పెట్టి, ఫోన్ తీసుకుని, మళ్లీ మొదటి నుంచి పెట్టి, వెనక చక్రం ఒక్కదాన్నే చూశాడు. ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

“గా ఇసుకల బండి దిగబడ్తలేదేంది?” అన్నాడు చివరికి.

“మంజీర నదిలో మనమూ నడుపుతం కదా బావా” అన్నాను.

“మంజీర ఇసుక తడిది. కింద నీళ్లుంటయ్, ముద్ద కడ్తది. ఇది పొడి బామ్మర్దీ. మస్తు లోతుంటది, కింద గట్టి నేలనే ఉండదు. అసుంటి దాంట్ల చక్రం దేన్ని పట్టుకొని ముందుకు పోతున్నది? నా కండ్లతోని సూడాలె.”

పదిహేనేళ్లలో ఆయన ఒక కోరిక కోరడం నేను వినడం అదే మొదలు. పంట కోతలై వడ్లు అమ్ముడుపోయాక, యాసంగి పంటకు కాలువ నీళ్లు వదిలేలోపు ఆయనకు ఏడాదికి పదో పన్నెండో రోజులు ఖాళీ దొరుకుతుంది. అది పోతే మళ్లీ ఏడాది దాకా షెడ్డు వదలడానికి ఉండదు. “పదిరోజులు నాకియ్యి బావా, ఆ ఇసుకలో నిన్ను నిలబెట్టే పూచీ నాది” అని ఛాతీ మీద చెయ్యేసి చెప్పాను. బావ తల ఊపాడు. ఆ రోజే షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో ‘పది రోజులు బంద్’ అని రాసి, మరుసటి నెల తేదీ వేశాడు. ఆ మనిషి అంత నమ్మాడు నన్ను.

ఇంక నేనాగుతానా? ఆఫీసులో సార్ల టూరు ప్రోగ్రాం వేసే నమూనాలోనే మా ప్రయాణానికి పట్టిక తయారుచేశాను. వరుస సంఖ్య, స్థలము, కిలోమీటర్లు, గంటలు, చివరన ‘రోడ్డు దిగే కారణం’. ఎందుకంటే తిన్నగా హైవే మీద పోయి ఇసుకలో దిగితే బండి మీద పట్టు ఉండదట, దారి పొడవునా మట్టిలో, రాళ్లలో, వాగుల్లో నడిపి చెయ్యి అలవాటు చేసుకోవాలట. (ఈ ‘అట’లన్నీ హెల్మెట్‌గాడి వీడియోల్లోంచి వచ్చినవి.) అందుకని మ్యాపులో దుమ్ము రంగులో కనిపించిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టాను. మొత్తం తొమ్మిది స్టాపులు. ఒక్కోదానికి రెండు గంటలు. కారణం గడిలో ‘నల్లరేగడిలో సాధన’, ‘గులకరాళ్లలో సాధన’, ‘ఎండిన వాగులో సాధన’ అని ఎంత ముచ్చటగా రాశానో! మూడు కాపీలు తీసి, ఒకటి అక్కకిచ్చాను. ఆమె చదివి నా మొహం చూసింది.

“ఎన్నేండ్లు తిరిగితే పడ్డదిరా మనూరికి రోడ్డు! ఉన్న రోడ్డిడిసిపెట్టి దిగుడెందుకు?”

“దాన్ని ఆఫ్ రోడ్ అంటరక్కా.”

“ఏమన్న అను. పోయినోళ్లు పోయినట్టు ఇంటికి రావాలె, గంతే” అంది అక్క.

రెండు బండ్లు. బావ బండి వెనక హెల్మెట్‌గాడు, నా బండి మీద నేనూ సామానూ. తెల్లవారి బయల్దేరి, బిచ్కుందలో ఇడ్లీ తిని, మొదటి స్టాపు డోంగ్లి దాటాక ఒక పత్తి చేల బాటలో పెట్టుకున్నాం. ఇంటి నుంచి యాభై కిలోమీటర్లు కూడా కాలేదు. ముందురోజు అక్కడ అకాల వాన పడిందన్న సంగతి నా పట్టికలో లేదు. బాట నల్లగా, నున్నగా కనిపించింది. “భలే ఉందిరా” అని నేనే ముందు దింపాను. ఇరవై గజాలు పోయానేమో, బండి మెల్లగా బరువెక్కి, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు నిలబడిపోయింది. చూస్తే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య రేగడి కూరుకుపోయి, చక్రం తిరగడం మానేసింది. దిగి తోద్దామంటే నా బూట్లు ఒక్కోటి గడప రాయంత అయ్యాయి. నా వెనకే వచ్చిన బావ బండిదీ అదే గతి. హెల్మెట్‌గాడు మాత్రం హెల్మెట్ తియ్యకుండా ఆ బురదలో నిలబడి “ఫస్ట్ స్టాప్ సక్సెస్” అని వీడియో తీసుకుంటున్నాడు.

నాకు ఏడుపు ముంచుకొస్తుంటే బావ ఏం చేస్తున్నాడో తెలుసా? గొంతుక్కూర్చుని, పిడికెడు రేగడి తీసి, వేళ్ల మధ్య సాగదీసి, వాసన చూసి ఆనందపడుతున్నాడు. “మన పొలంల బురద జారిపోతది. ఇది ఇడుస్తలేదు సూడు. జిడ్డు గమ్మత్తుగుంది” అన్నాడు.

అప్పుడొచ్చాడు తెల్లటోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, “కాయ్ ఝాలం?” అంటూ. ఏమైందని మరాఠీలో అడుగుతున్నాడు. నేను నా పట్టిక చూపించి, సాధన కోసం వచ్చామని వివరించాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, బండ్లను చూసి, “రస్తా అటుంది గద బిడ్డా?” అని తారు రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. నేను దారి తప్పాననుకున్నాడు పాపం. ఇంటికి పోయి ట్రాక్టర్ తెచ్చాడు. బండ్లు రెండూ తాడేసి లాగాడు. అంతలో ఆ ట్రాక్టర్ గుక్కపట్టి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎంత తిప్పినా అందుకోలేదు. నేను బావ కళ్లలోకి చూశాను. మెరుస్తున్నాయి.

“డీజిల్ పైపుల గాలి జొచ్చింది. ఐదు నిమిషాల పని” అన్నాడు బావ.

నిజం చెప్పాలంటే అది గంటలో అయిపోయింది. కానీ ఆ గంటలో, మందు కొట్టే మిషన్ భుజాన వేసుకుని ఒకాయన వచ్చాడు. గడ్డి కోసే మిషన్‌ను ఎడ్లబండి మీద వేసుకుని ఇంకొకాయన వచ్చాడు. “భావూ, అన్నా, జర సూడు” అని చేతులు పట్టుకుంటుంటే బావ ‘కాదు’ అనడు. అనడం ఆయనకు రాదు. పొద్దుగూకింది. టోపీ మామ ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిమిర్చి దంచిన ఠేచా పెట్టారు. మరుసటి రోజు బోరు మోటారు ఒకటి, ఇంకో ట్రాక్టర్ ఒకటి. సాయంత్రం అక్క ఫోన్ చేసి “ఎంత దూరం పోయిండ్రురా?” అనడిగితే “మహారాష్ట్ర బార్డర్‌లో ఉన్నామక్కా” అన్నాను. అబద్ధమేమీ కాదు, అక్కడికి బార్డర్ దగ్గరే. “అబ్బ! రెండు రోజులల్లనే?” అని అక్క ఆశ్చర్యపోయింది. (ఆమె ఎప్పుడూ డోంగ్లి వైపు పోలేదు, నా అదృష్టం.)

మూడో నాడు ఎట్లాగో బయటపడి దేగ్లూర్, నాందేడ్ దాటి పోయాం. రెండో స్టాపు జాల్నాకు ఇవతల గులకరాళ్ల గుట్ట. నిజంగానే మంచి గుట్ట. నేను రెండుసార్లు ఎక్కి దిగి ‘భేష్’ అనుకుంటూ చూస్తే బావ కనిపించడు. కింద బాట మలుపులో చెరుకు రసం బండి ఇంజన్ ముక్కలు ముక్కలుగా గోనెసంచి మీద పరిచి ఉంది. మధ్యలో బావ. పక్కన రసం బండి ఆయన, ఆయన భార్య, మొక్కుకుంటున్నట్టు చేతులు జోడించి నిలబడ్డారు. అది ఆ రోజు మధ్యాహ్నం మొదలై మరుసటి రోజు సాయంత్రం దాకా సాగింది, ఏదో సామాను జాల్నా నుంచి తేవాల్సి వచ్చింది. నా సహనం చచ్చిపోయింది.

“మనం తిరగనీకి వచ్చినమా, షెడ్డు పెట్టనీకి వచ్చినమా బావా? నీ కోసమే కదా ఇదంతా! నీకే పట్టకపోతే నాకెందుకు?” అని రసం బండి ముందరే అరిచేశాను.

బావ చేతులు తుడుచుకుని, నెమ్మదిగా అన్నాడు. “నువ్వే గద బామ్మర్దీ రోడ్డు దిగమన్నది. రోడ్డు మీద పోతుంటే నన్నెవలడుగుతరు? దిగితే చేను. చేన్ల మనిషుంటడు. మనిషి కాడ ఒక ఇంజన్ ఉంటది. ఉన్న ఇంజన్ చెడిపోకుంట ఉంటదా?”

హెల్మెట్‌గాడు కిసుక్కున నవ్వాడు. బుద్ధి ఉన్నవాడైతే ఆ కాగితాన్ని అక్కడే చింపేసి తిన్నగా హైవే ఎక్కేవాడు. నేను మాత్రం అభిమానానికి పోయి, తొమ్మిదిలో రెండు స్టాపులు కొట్టేసి, మిగతావి అట్లాగే ఉంచాను. అందువల్ల ఐదో రోజు ధూలే దాటాక ‘ఎండిన వాగులో సాధన’ దగ్గర ఏ రైతూ, ఏ ఇంజనూ అడ్డం రాకుండానే, నాకు నేనుగా ఒక బండరాయికి గుద్దుకుని పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది, ముందు చక్రం వంకరపోయింది. బావ నా మోకాలికి పసుపు రాసి, చక్రం విప్పి ఎవరో పాలబండాయన వెనక కూర్చుని ఊళ్లోకి తీసుకుపోయాడు. ఒక రోజున్నర అక్కడే పోయింది. ఆ రోజున్నర నా ఖాతా, ఎవరి మీదా తొయ్యడానికి లేదు.

ఏడో రోజు సాయంత్రం అహ్మదాబాద్ పొలిమేరలో చాయ్ తాగుతున్నాం. ఇంకో రోజున్నర పోతే ఇసుక. బావ ఆ రోజు కొంచెం ఎక్కువగా మాట్లాడాడు కూడా. దిబ్బ ఎక్కేటప్పుడు ఏ గేరులో ఉండాలి, ఆగితే మళ్లీ కదుల్తుందా లేదా అని తనలో తనే లెక్కలు వేసుకుంటున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది. బీర్కూర్ నుంచి ఒక రైతు. “అన్నా, కాలువకు నీళ్లిడుస్తున్నరంట. అనుకున్నదాని కన్నా ముందే. నాలుగు రోజులల్ల దమ్ములు సురువైతయ్. నా ట్రాక్టర్ గేర్‌బాక్స్ నీ షెడ్లనే ఇప్పి పడున్నది.”

బావ ఫోన్ జేబులో పెట్టుకుని, చాయ్ మొత్తం తాగి, గ్లాసు కడిగి ఇచ్చాడు. “ఇగ నేను పోత బామ్మర్దీ” అన్నాడు.

“ఒక్క రోజున్నర బావా. చూసి పోవచ్చు కదా.”

“నీళ్లొచ్చినంక నేను షెడ్ల లేకపోతే ఎట్ల? నన్ను నమ్మి ఇప్పుకున్నరు. మీరు పోన్రి. నాకింత ఇసుక సీసాల పోసుకొని తెండ్రి.”

రైలు ఎక్కించాం. కిటికీలోంచి, “చక్రం ఏం జేస్తుందో మంచిగ సూడుండ్రి” అని ఒక్క మాట చెప్పాడు. రైలు పోయాక స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఏడు రోజుల్లో బావ బాగుచేసిన ఇంజన్లకన్నా నేను పెట్టిన స్టాపులే ఆయన రోజులు తిన్నాయని ఆ మెట్ల మీద లెక్క తేలింది. హెల్మెట్‌గాడు మొదటిసారి హెల్మెట్ తీసి నా పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక్క స్టాపు కూడా పెట్టలేదు. వాడు బావ బండి నడిపాడు, నేను నాది. తొమ్మిదో రోజు ఇసుక కనిపించింది.

ఇసుక గురించి ఏం చెప్పను! వీడియోలో పసుపుగా ఉంటుంది, దగ్గరకు పోతే గోధుమపిండిలా సన్నగా, పొద్దునపూట చల్లగా ఉంది. బండి దింపి, గేరు వేసి, ఏడు రోజుల సాధనంతా చూపిద్దామని వేగం పెంచాను. ఆరు గజాలు. అంతే! వెనక చక్రం ఇరుసు దాకా దిగిపోయింది. హెల్మెట్‌గాడు నాలుగు గజాలే పోయాడు. ఇద్దరం గంటసేపు తోసి, తవ్వి, రొప్పి, దిక్కుతోచక బావకు వీడియో కాల్ చేశాం. ఆయన అప్పుడే షెడ్డుకు చేరినట్టున్నాడు, వెనక నుంచి ట్రాక్టర్ల మోతా, జనం కేకలూ వినిపిస్తున్నాయి.

“దిగబడ్డది బావా!”

“ఎట్ల దిగబడ్డది? కిందికి పోయిందా, ముందల కుప్పయిందా?” నేను చూడలేదు. “ఇసుక ఎనుకకు ఇసురుతున్నదా, పక్కలకు పోతున్నదా?” అదీ చూడలేదు. ఏడు రోజులు సాధన చేసినవాడికి చక్రం వైపు చూడాలనే తోచలేదు. “ఫోన్ చక్రం కాడ పెట్టు. మెల్లగ తిప్పు” అన్నాడు. పెట్టాను. తిప్పాను. ఆయన మొహం తెరకు అంటుకుపోయింది. వెనక నుంచి ఎవరో “అన్నా, నా గేర్‌బాక్స్!” అని అరుస్తుంటే, “ఆగు, ఐదు నిమిషాల పని” అన్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. “టైర్ల గాలి తియ్యి. సగానికి తియ్యి. చక్రం ఎడల్పయితది, ఇసుక మీద పండుకుంటది.” తీశాం. మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు, బండి పైకి వచ్చింది. చుట్టూ ఉన్న ఒంటెలవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎన్నడూ ఇసుక దిబ్బ చూడని మనిషి, బీర్కూర్ రోడ్డులో కూర్చుని మమ్మల్ని దిబ్బలోంచి లాగాడు.

ఆ సీసా ఇసుక బావ షెడ్డులో నట్లు, బోల్టుల డబ్బాల మధ్య పదకొండేళ్లు ఉంది. ఎవరైనా అడిగితే “మా బామ్మర్ది పోయొచ్చిండు” అనేవాడు, కొంచెం గొప్పగానే. ఆ మాట వినబడ్డప్పుడల్లా అనుకునేవాణ్ణి. పోయొచ్చింది నేనా? పోవాల్సిందెవరు? పోయిన చలికాలం నేనే రైలు టికెట్లు తీసి, అక్కతో సహా ముగ్గురం బయల్దేరాం. అలవాటు కొద్దీ పట్టిక గీశాను కానీ, అందులో ఒకటే స్టాపు. వరుస సంఖ్య ఒకటి, స్థలము ఇసుక. రోడ్డు దిగే కారణం దగ్గర ఏం రాయాలో తోచక గడి ఖాళీగా వదిలేశాను.

బావ చెప్పులు విడిచి ఇసుకలో నిలబడ్డాడు. పిడికెడు తీసి వదిలాడు, మళ్లీ తీసి వదిలాడు. తలలో తెల్ల వెంట్రుకలు వచ్చేశాయి ఆయనకు. అక్క నా మోచెయ్యి గిల్లి “సూడురా, సంటిపిల్లగాని లెక్క” అని కళ్లు తుడుచుకుంది. సరిగ్గా అప్పుడే దిబ్బ అవతల ఒక జీపు ఇంజన్ గొంతు చించుకుని ఆగిపోయింది. నేను గబగబా బావకు అడ్డం వెళ్లి నిలబడి, “అటు చూడు బావా, సూర్యుడు ఎంత బాగున్నాడో!” అన్నాను.

“సూసిన. గది మన బాన్సువాడల సుత అట్లనే మునుగుతది” అన్నాడు నా భుజం మీద నుంచి మెడ సాచి. “ఆ చప్పుడు ఇన్నవా? దిగబడి రేజ్ చేస్తుండు, ఇంజన్ పాడైతది. టైర్ల గాలి తియ్యలే వాడు. తియ్యలే సూడు.”

“బావా, ఒంటెబండి వాడు అరగంటలో రమ్మన్నాడు…”

“ఐదు నిమిషాల పని బామ్మర్దీ” అంటూ అప్పటికే దిబ్బ దిగుతున్నాడు, “భాయ్, హవా నికాలో, హవా!” అని అరుచుకుంటూ. అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని “ఇగ కూసో” అంది నాతో.

ఇరవై నాలుగేళ్లవాడినైతే గడియారం చూసుకుని గింజుకునేవాణ్ణి. కూర్చున్నాను. జేబులోంచి కాగితం తీసి, ఖాళీగా ఉన్న గడిలో ‘ఐదు నిమిషాల పని’ అని రాసుకున్నాను. ఆ తర్వాత ప్యాంటు పైకి మడుచుకుని, స్పానర్లు అందించడానికి నేనూ దిబ్బ దిగాను.